మాధవాయిపాలెం రేవులో మీర్ జుమ్లా

నరసాపురం పట్టణాన్ని ఆనుకొని, వశిష్ఠ గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం రేవు ఉంది. అక్కడ పంటు ఎక్కినవారు ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు దిగుతారు. గడచిన షాబాన్ మాసంలో ఒక నికాహ్ నిమిత్తం నేను ఆ దారిన వెళ్ళవలసి వచ్చింది. అసర్ నమాజు ముగించుకొని రేవు చేరేసరికి పంటు అప్పుడే కదిలిపోయింది. మరొకటి వచ్చేవరకు ఒడ్డున నిలబడక తప్పలేదు.

నా వెంట పూర్వ విద్యార్థి ఒకడు ఉన్నాడు. మా మదరసాలో ఏడేళ్ళు చదివి, ఇప్పుడు ఒక రొయ్యల వ్యాపారి వద్ద లెక్కలు వ్రాస్తున్నాడు. దారి పొడవునా అతడు ఏదో చెప్పబోయి ఆగిపోవడం నేను గమనిస్తూనే ఉన్నాను.

ఆ రేవు నేడు చూడడానికి సామాన్యమైనదే. స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, కూలిపనికి వెళ్ళి వస్తున్న స్త్రీలు. కాని పదిహేడవ శతాబ్దంలో సముద్రాలు దాటే నౌకలను నిర్మించిన తీరం ఇది. ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు నౌక 1614 ప్రాంతంలో మరమ్మతులకు వచ్చింది ఈ నరసాపురానికే. ఇంగ్లీషువారు ఈ మాధవాయిపాలెంలో వర్తకశాల పెట్టారు. డచ్చివారు సమీపంలోని పాలకొల్లులో స్థిరపడ్డారు. మాధవాయిపాలెం పేరే నోరు తిరగక ‘మడపొల్లం’గా మారి, ఒక రకం నూలు బట్టకు పేరై ఐరోపా అంగళ్ళకు చేరింది.

గోదావరి సీమ 1570ల ఆరంభంలో గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. రాజమహేంద్రవరాన్ని జయించిన గోల్కొండ సేనాని రిఫ్అత్ ఖాన్ లారీ. పారశీక దేశంలోని లార్ పట్టణం పేరు అతని పేరులోనే ఉంది. ఆ దేశం నుండి విద్వాంసులు, వర్తకులు, సైనికులు తరతరాలుగా గోల్కొండ కొలువుకు వచ్చారు. వారందరిలోనూ మిక్కిలి శక్తిమంతుడైనవాడు మీర్ జుమ్లా.

“హజ్రత్, మీరు తరగతిలో మీర్ జుమ్లా గురించి చెప్పేవారు, జ్ఞాపకముందా?” అని అప్పుడు అడిగాడు నా విద్యార్థి.

జ్ఞాపకం లేకేమి? ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. ఇస్ఫహాన్ సమీపంలోని అర్దిస్తాన్‌లో ఒక నూనె వర్తకుని బీద ఇంట పుట్టిన ముహమ్మద్ సయీద్ వ్రాత, లెక్క నేర్చి గోల్కొండ చేరాడు. వజ్రాల వ్యాపారంలో ఆరితేరాడు. మచిలీపట్నం అధికారి అయ్యాడు. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో అత్యున్నత పదవికి ఎదిగాడు. అతని నౌకలు పారశీకానికీ, పెగూకూ సరుకు మోశాయి. విజయనగర సామ్రాజ్యం చివరి శ్వాస తీసుకుంటున్న రోజులలో, మూడవ శ్రీరంగరాయల చేతిలో మిగిలిన సీమలను ఒక్కొక్కటిగా జయించి, 1650లో గండికోటను పట్టుకున్నాడు. రెండేళ్ళ తరువాత ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే అక్కడ అతనిని చూశాడు. కాలి వేళ్ళ సందులలోనూ, ఎడమచేతి వేళ్ళ మధ్యనూ ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి, ఇద్దరు లేఖకులకు జవాబులు చెబుతున్నాడట! బీదవాడు చదువుతో ఎంతటివాడు కాగలడో చూడండని పిల్లలకు ఈ దృశ్యం చెప్పి పాఠం ముగించేవాడిని.

“ఆయన కూడా యజమానిని మార్చాడు కదా, హజ్రత్?” అన్నాడతడు తల వంచుకొని.

అప్పుడు సంగతి బయటపడింది. మరొక వ్యాపారి అతనికి రెట్టింపు జీతం ఇస్తానన్నాడు. అయితే ఒక షరతు. ఇప్పటి యజమాని సరుకు ఎవరెవరికి, ఏ ధరకు అమ్ముతున్నాడో ఆ వివరాలున్న పుస్తకం వెంట తేవాలి. తండ్రి పోయిన నాడు ఈ యజమానే అతనికి పని ఇచ్చాడు, చెల్లెలి పెళ్ళికి సాయపడ్డాడు.

నేను సిగ్గుపడ్డాను. నేను సగంలో ఆపిన పాఠాన్ని అతడు తన సాకుగా తెచ్చుకున్నాడు. ఆ తప్పు నాది. పంటు వచ్చింది. నది దాటుతుండగా మిగిలిన సగం చెప్పాను.

ఎదిగిన మంత్రిని చూసి సుల్తానుకు భయం పుట్టింది, మంత్రికి సుల్తాను మీద అనుమానం పుట్టింది. 1655లో మీర్ జుమ్లా కుమారుడు ముహమ్మద్ అమీన్, దర్బారులో అమర్యాదగా ప్రవర్తించాడన్న కోపంతో ఖైదు చేయబడ్డాడు. అప్పటికే దక్కను సుబేదారు ఔరంగజేబుతో మీర్ జుమ్లాకు రాయబారాలు నడుస్తున్నాయి. 1656లో మొగలు సైన్యం హైదరాబాదు మీద పడింది. సుల్తాను గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. నగరం దోపిడీకి గురైంది. మంత్రికీ రాజుకూ నడుమ జరిగిన తగవుకు మూల్యం చెల్లించినవారు ఆ తగవుతో ఏ సంబంధమూ లేని ప్రజలు. మీర్ జుమ్లా మాత్రం షాజహాను కొలువులో ముఅజ్జం ఖాన్ అనే బిరుదుతో దీవానయ్యాడు. గోల్కొండ పేర, గోల్కొండ సైన్యంతో జయించిన కర్ణాటక సీమ అతని సొంత జాగీరైంది. గోల్కొండ మరి కోలుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ తరువాత, 1687లో, ఆ రాజ్యమే అంతరించింది.

“అంటే ఆయన చెడ్డవాడా?” అని అడిగాడు.

అంత తేలికగా తీర్పు చెప్పడం న్యాయం కాదు. సుల్తాను అసూయ నిజం, కన్నకొడుకు ఖైదు నిజం. బెంగాలు సుబేదారుగా 1662లో అస్సాం రాజధాని గఢ్‌గావ్‌ను పట్టుకొని, వానలలో చిక్కుకొని, ముసలితనంలోనూ తన సైనికులతో పాటు ఆకలిని, జ్వరాన్ని భరించిన మనిషి అతడు. 1663లో ఢాకాకు తిరిగి వస్తూ పడవలోనే కన్నుమూశాడు. ఏ వజ్రమూ వెంట రాలేదు. అతని సమాధి అస్సాంలోని మన్కాచర్‌లో ఉంది.

“కొలువు మానడం తప్పు కాదు నాయనా. ఎక్కువ జీతం కోరుకోవడమూ తప్పు కాదు. నీ శ్రమ నీది, దానిని ఎక్కడైనా అమ్ముకో. ఆ పుస్తకం మాత్రం అమానత్. మీర్ జుమ్లా తనతో పాటు తన తెలివిని తీసుకువెళ్ళి ఉంటే నేను ఏమీ అనను. అతడు యజమాని ఇంటి తాళంచెవి కూడా తీసుకువెళ్ళాడు” అన్నాను.

అతడు బదులు పలకలేదు. ఆవలి ఒడ్డు చేరాక నా సంచి తన భుజానికి వేసుకున్నాడు. మగ్రిబ్ అజాన్ వినవచ్చే వేళకు, “రేపు ఉదయం దుకాణానికి వెళ్ళి ఆయనతోనే మాట్లాడతాను. మానితే ఆయనకు చెప్పే మానుతాను. పుస్తకం అక్కడే ఉంటుంది, హజ్రత్” అన్నాడు.

ఈ సంవత్సరం నుండి తరగతిలో ఆ పాఠాన్ని గండికోట దగ్గర ఆపడం లేదు. దోపిడీకి గురైన హైదరాబాదు వరకు, మన్కాచర్ సమాధి వరకు చెబుతున్నాను.