మోచేతి కొలత

ఇంట్లో ఆఫీసు పనికి బల్ల కొనాలా, చేయించాలా అంటే నా ఓటు చేయించడానికే. దుకాణాల్లో చూసినవన్నీ ఇంచుమించు 29, 30 అంగుళాల ఎత్తు. నాలాంటి ఐదడుగుల మనిషి వాటి ముందు కూర్చుంటే భుజాలు పైకెత్తి టైపు చేయాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఇంత దేశంలో పొట్టివాళ్ళం ఎంతమంది లేము! మా కొలత ఎవరికీ పట్టదెందుకో.

పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుని, భుజాలు వదులుగా వదిలి, మోచేయి మడిచి, అక్కణ్ణుంచి నేలదాకా టేపు పెట్టించాను. 24 అంగుళాలు. "మరీ కిందకైపోద్దేమోనమ్మా" అన్నాడు వడ్రంగి మేస్త్రీ. ఓ చెక్కని ఇటుకల మీద ఆ ఎత్తుకి నిలబెట్టి, కీబోర్డు పెట్టి చూపిస్తే ఒప్పుకున్నాడు. ఆయన చెప్పిన సంగతీ విలువైనదే: ఇంత తక్కువ ఎత్తులో మధ్య సొరుగు పెడితే తొడలకి తగులుతుంది. అందుకని సొరుగులు పక్కకి వెళ్ళాయి.

ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది. బల్ల ఐదడుగుల పొడవు, అందుకని నడుమ వంగకుండా వెనక అంచు కింద నిలువుగా పట్టీ వేయించాను. కిటికీ ఎడమ చేతివైపు ఉండాలి. కుడిచేత్తో రాసేటప్పుడు నీడ కాగితం మీద పడదు, స్క్రీన్ మీద వెలుగు మెరవదు. వైర్లకి వెనక మూలన రంధ్రం పెట్టాలి. లామినేట్ మాత్రం మెరుపు లేనిదే తీసుకుంటాను.