బండికి ఊపిరందించే రబ్బరు ముక్క

పాత బండి మొరాయిస్తే మన నోట ముందుగా వచ్చే మాట 'ఇంజిన్ పోయింది'. ఇంజిన్ అంత తేలిగ్గా పోదు. ఇనుము, అల్యూమినియం ముప్పై ఏళ్లయినా నిలబడతాయి. వాటి నడుమ ఒదిగి ఉన్న రబ్బరు మాత్రం చడీచప్పుడు లేకుండా ముసలిదైపోతుంది. మా ఇంట్లోని ఆర్‌ఎక్స్ 100 ముక్కలుముక్కలుగా అమ్ముడుపోకుండా నిలిచింది ఈ సంగతి తెలిసిన మనిషి దొరకబట్టే.

ఆ బండిని బాపు 1993లో కొన్నాడు. దుబాయిలో అయిదేళ్లు కష్టపడి వేములవాడకు తిరిగొచ్చిన కొత్త అది. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్ సొమ్ము కొందరికి స్లాబు ఇల్లయింది, కొందరికి చెల్లెలి పెళ్లయింది. మాకు సిరిసిల్లలో నాలుగు సాంచెలు, ఒక బండి అయింది. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. పది పన్నెండు కిలోమీటర్ల దారిలో వెనక సీటు మీద నూలు మూటలు కట్టుకుని రోజూ పోయివచ్చేవాడు. ఏడాదికోసారి ఆ సీటు అమ్మది. ఇద్దరూ కొండగట్టు అంజన్న దర్శనానికి పోయేవారు. బండి నంబరు ఇప్పటికీ 'ఏపీ 15'తోనే మొదలవుతుంది. అది ఉమ్మడి కరీంనగర్ జిల్లా గుర్తు. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినా మా ప్లేటు మారలేదు.

కాలం కలిసిరాక సాంచెలు ఆగిపోయాయి. చివరకు తూకానికి అమ్మేశాం. లారీకెక్కిస్తుంటే బాపు అక్కడ నిలబడలేకపోయాడు. ఆయన చేతికష్టంలో కదిలే వస్తువు ఇక బండి ఒక్కటే మిగిలింది.

2023లో దానికీ గండం వచ్చింది. సొంత బండికి పదిహేనేళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ గడువు ముంచుకొచ్చింది. బండి చూస్తే పొద్దున చోక్ మీద స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోతోంది. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ అరుపు తగ్గదు. చిన్న మిట్ట ఎక్కాలన్నా దమ్ము చాలదు. చూసిన మెకానిక్ ఒకాయన బోరు కొట్టించాలి, పిస్టన్ మార్చాలి, పదిహేను వేలకు తక్కువ కాదన్నాడు. ఇంతలో కొనేవాడొకడు వచ్చాడు. విప్పదీసి పార్టులుగా అమ్ముకుంటాడట. దుబాయి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "మంచి రేటొస్తుంది, ఇచ్చేయ్ బాపూ" అన్నాడు. బాపు ఒక్కటే మాటన్నాడు. "సాంచెలు గట్లనే పాయె. గిది పోదు."

సిరిసిల్ల రోడ్డులో ఒక ముసలి ఉస్తాద్ ఉన్నాడని తెలిసి బండిని అక్కడికి నెట్టుకుపోయాం. ఆయన ఇంజిన్ జోలికి పోలేదు. ముందు స్పార్క్ ప్లగ్ విప్పి చూశాడు. లేత గోధుమరంగులో ఉండాల్సిన దాని మొన తెల్లగా మాడి ఉంది. "పెట్రోల్ తక్కువైతున్నది కాకా, దొంగగాలి వోతున్నది" అన్నాడు. ఇంజిన్ నడుస్తుండగానే కార్బురేటర్‌కు, సిలిండర్‌కు మధ్యనున్న రబ్బరు జాయింట్ మీద సన్నగా నీళ్లు చిలకరించాడు. అరుస్తున్న ఇంజిన్ ఒక్క క్షణం తగ్గి, మళ్లీ అందుకుంది. పగుళ్లను నీళ్లు మూసినంతసేపే ఆ తేడా. దొంగ దొరికాడు.

ఇందులో కిటుకేమిటంటే, బండి పీల్చే గాలి ఫిల్టర్‌లో వడకట్టుకుని, కార్బురేటర్‌లో పెట్రోలు తుంపరను కలుపుకుని, ఆ రబ్బరు జాయింట్ గుండా రీడ్ వాల్వ్ దాటి ఇంజిన్లోకి పోవాలి. జాయింట్ పగిలితే, పెట్రోలు కలవని గాలి మధ్యలోనే చొరబడుతుంది. మిశ్రమం పలచనై ఇంజిన్ వేడెక్కుతుంది. టూ స్ట్రోక్ బండిలో ఆ వేడికి పిస్టన్ పట్టేస్తుంది. బోరు కొట్టించినా పగిలిన రబ్బరు అలాగే ఉంటే కొత్త పిస్టన్‌కూ అదే గతి.

ఇక విప్పడం. తుప్పు పట్టిన స్క్రూలకు ముందురోజే నూనె పోసి నానబెట్టాడు. తల అరిగే ప్రమాదం ఉందని ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడాడు. జాయింట్ ఊడదీయగానే ఇంజిన్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాడు. గాస్కెట్ పెచ్చు ఒక్కటి లోపల పడినా ముప్పేనట. ఊడొచ్చిన రబ్బరును వంచితే లోపలంతా ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. రీడ్ వాల్వ్ పలచని స్టీలు రేకులను వెలుతురుకు పట్టి చూశాడు. అంచులు విరగలేదు, సందు లేదు. అది మా అదృష్టం. కొత్త జాయింట్, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా సమంగా బిగించాడు. కార్బురేటర్ జెట్లు కడిగి, ఫిల్టర్ శుభ్రం చేశాడు.

రబ్బరు చిత్రమైన వస్తువు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేస్తే అది గట్టిపడి నిలుస్తుందని కనుక్కున్నాడు. ఏ వేడి దాన్ని గట్టి చేసిందో, ఏళ్ల తరబడి అదే వేడి తగిలితే బిరుసెక్కి పగులుతుంది. పైన మా ఎండలు, లోపల పెట్రోలు. దీనికితోడు 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. అప్పటి బండ్ల రబ్బర్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి మీ ఇంట్లో పాత బండి ఉంటే పెట్రోలు పైపు, జాయింట్లు ఆరునెలలకోసారి వంచి చూడండి. పగుళ్లకు గమ్ము పూయడం, సైకిల్ ట్యూబు చుట్టడం రెండు రోజుల ముచ్చటే. చప్పుడు బాగుంటుందని ఫిల్టర్ తీసేసి నడపడం ఇంకా చేటు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. ఉస్తాద్ కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. "నా తర్వాత గీ చప్పుడు ఇని చెప్పెటోడు ఉండడు కాకా" అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. ప్లగ్ రంగు చదవడం, స్క్రూను ఓపిగ్గా నానబెట్టడం ఏ షోరూములోనూ అమ్మరు. అందుకే ఆ రెండు రోజులూ మా పెద్దోణ్ణి ఆయన పక్కనే కూర్చోబెట్టాను. ప్లగ్ విప్పి రంగు చూడటం వాడికిప్పుడు వచ్చు.

రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు పొడిగించారు. ఆ వారమే బాపు అమ్మను ఎక్కించుకుని కొండగట్టు ఘాట్ ఆగకుండా ఎక్కి వచ్చాడు. రాత్రి తమ్ముడు ఫోన్ చేసి ఖర్చెంతయిందని అడిగాడు. రబ్బరు, గాస్కెట్, ఉస్తాద్ కూలి అన్నీ కలిపి పదకొండు వందలు.

"ఆ కొనెటోనికి చెప్పు, మా ఇంట్ల అమ్మెటందుకు బండి లేదని" అన్నాడు బాపు.