రశీదు నెంబరు ఒకటి

చందాల కోసం వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు నేను ఇట్టే పోల్చుకోగలను. వినాయక చవితి పందిరి కుర్రాళ్లు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతారు. గుడి మరమ్మతుల పెద్దలు నింపాదిగా, మధ్యలో ఆగి దగ్గుతూ ఎక్కుతారు. ఆ చప్పుడు వినగానే మా ఆవిడ గుమ్మంలోకి వెళ్లి "ఆయన ఊళ్లో లేరండీ" అనటం, నేను లోపలి గదిలో పేపరు చప్పుడవకుండా మడుచుకోవటం ముప్ఫయ్యేళ్లుగా మా ఇంట్లో చక్కగా సాగుతున్న ఏర్పాటు. అలాంటి నేను డెబ్భయ్యో ఏట చంకలో రశీదు పుస్తకం పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతానని ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే పడీ పడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నన్ను చూసి మా వీధి నవ్వుతోంది.

దీనికంతకీ కారణం మావాడు. వాడు అమెరికాలో కాలిఫోర్నియాలో ఉంటాడు. బెజవాడలో ఇంటికొకడు చొప్పున ఉన్నారు గనక ఇందులో గొప్పేమీ లేదు లెండి. ఓ ఆదివారం ఫోన్లో మాటల మధ్య మనవడి చదువు సంగతి వచ్చింది. "ఇక్కడి గవర్నమెంటు బడేనమ్మా, ఇంటి పక్కనే" అన్నాడు.

మా ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "గవర్నమెంటు బడా! అంత ఉద్యోగం వెలగబెడుతూ పిల్లాణ్ణి కాన్వెంటులో వెయ్యలేకపోయావురా?"

వాడు నవ్వి చెప్పుకొచ్చాడు. వాళ్ల ఊళ్లో డాక్టరు పిల్లలూ, దుకాణంలో సామాన్లు సర్దేవాడి పిల్లలూ ఆ బడికే వెళతారట. ఆ బడికి దన్నుగా ఊరివాళ్లు ఒక సంస్థ పెట్టుకున్నారట. లాభాపేక్ష లేనిది. వీడూ ఏటా దానికి చందా కడతాడట. 1978లో అక్కడి జనం ఓట్లేసి ఇంటిపన్ను ఆస్తి విలువలో నూటికి ఒక్క పాలు మించకూడదని కట్టడి చేసుకున్నారు. పన్ను తగ్గిందని పండగ చేసుకున్నారు గానీ, బళ్లు నడిచేది ఆ పన్ను డబ్బుతోనే. సంగీతం మాష్టారు పోయాడు, లైబ్రరీకి తాళం పడింది. అప్పుడు ఊరూరా తల్లిదండ్రులు నాలుక కరుచుకుని ఇలాంటి సంస్థలు పెట్టుకున్నారు. అటు న్యూయార్కు నగరంలోనూ ప్రభుత్వ బడుల కోసం 1982 నుంచీ ఇలాంటి నిధి ఒకటి ఉందట.

అంతా చెప్పి, చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "అవును నాన్నా, నువ్వు చదివింది మునిసిపల్ స్కూలే కదా. మరి నన్నెందుకు అక్కడ వెయ్యలేదు?"

నేను "ఏవిట్రా, సరిగ్గా వినపడటం లేదు" అన్నాను. చందావాళ్లకి ఊళ్లో లేకుండా పోయే విద్య ఫోన్లో కూడా పనికొస్తుందని ఆ రోజే తెలిసింది.

వినపడలేదని వాణ్ణి నమ్మించగలిగాను గానీ, నన్ను నేను నమ్మించుకోలేకపోయాను. మా బెజవాడ 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషనయింది. నేను పలకా బలపం పట్టిందీ, పదకొండో తరగతి గట్టెక్కిందీ మునిసిపల్ బళ్లోనే. ఫీజు కట్టలేని మా నాన్న నన్నక్కడ వేశాడు. ఫీజు కట్టగలిగిన నేను నా కొడుకుని అక్కడ వెయ్యలేదు. ఇంతే తేడా. నా తోటివాళ్లంతా ఇదే చేశారు. అడగటం తెలిసిన తండ్రులు, గట్టిగా ఒక అర్జీ రాయగలిగిన తండ్రులు అందరూ ఒక్కొక్కరే బయటికి జారుకుంటే, ఆ బడి తరఫున అడిగేవాడెవడు మిగులుతాడు?

సరే, ఈ బాధ పడలేక పాత క్లాసుమేట్లని పోగేశాను. మన రాష్ట్రంలో సంఘం రిజిస్టరు చెయ్యాలంటే 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురుండాలి. సరిగ్గా ఏడుగురమే తేలాం. ఏడుగురమూ మునిసిపల్ బడి సరుకే. ఏడుగురి పిల్లలూ కాన్వెంటు సరుకే. సంఘానికి పేరు పెట్టటానికి రెండు సమావేశాలు పట్టాయి. అధ్యక్షుడెవరన్నది తేలటానికి మూడు. మూడోసారి పెసరట్లు తెప్పించాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఏం కట్టించాలన్న చర్చ వచ్చింది. ఒకాయన ముఖద్వారానికి ఆర్చి అన్నాడు. దాని మీద దాతల పేర్లు. ఆయన్ని తప్పు పట్టలేం. ఇది కృష్ణా డెల్టా. ఇక్కడ నాలుగు పుట్ల ధాన్యం ఎక్కువ పండితే బడికో గది కట్టించటం పాత అలవాటు. బందరు రోడ్డున వెళ్లినా, గుడివాడ వైపు వెళ్లినా బడి గోడల మీద పాలరాతి ఫలకాలు కనపడుతూనే ఉంటాయి. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారంటే వెనక ఇలాంటి చేతులెన్నో ఉన్నాయి. ఇచ్చే చెయ్యి మాకు కొత్త కాదు. పేరు చెక్కించుకునే సరదా అంతకన్నా కొత్త కాదు.

"ముందు బడికెళ్లి వాళ్లకేం కావాలో అడుగుదాం" అన్నాన్నేను. ఎవరికీ ఈ ఆలోచన అంతగా నచ్చలేదు గానీ, పెసరట్లు తిన్న మొహమాటానికి బయల్దేరారు.

మా పేటలో ఉన్న బడి చూసి తెల్లబోయాం. మేం శిథిలాలు ఊహించుకుని వెళ్లాం. 2019 నవంబర్లో మొదలైన 'నాడు-నేడు' కింద మొదటి విడతలోనే రాష్ట్రంలో 15 వేలకు పైగా బళ్లు బాగుచేశారు కదా, వాటిలో ఇదొకటి. రంగులు, బల్లలు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు. మా రోజుల్లో మాకున్నది ఒక వేపచెట్టూ, దాని కింద నీడా. ఆర్చి ఆయన మొహం వాడిపోయింది.

హెడ్మిస్ట్రెస్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "మీకేం కావాలో చెప్పండమ్మా" అన్నాం, దేవుడు ప్రత్యక్షమయినట్టు.

ఆవిడ కాసేపు ఆలోచించి, "మోటారు బాగుచేసే మనిషి కావాలండీ. పిలిచిన రోజున రావాలి" అన్నారు.

మేం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. ఆవిడ చెప్పుకుపోయారు. మోటారు కాలితే కాగితం పైకెళ్లి, మంజూరై కిందికొచ్చేసరికి వారాలు పడుతుంది. కుళాయికి వాషరు పోతుంది. ఫ్యానుకి కండెన్సరు పోతుంది. పెద్ద పనికి పథకం ఉంది, చిన్న పనికి మనిషి లేడు. "మీలాంటి వాళ్లొస్తే గదులు కట్టిస్తామంటారు. వాషరు వేయిస్తామని ఇంతవరకూ ఎవరూ అనలేదండీ" అని నవ్వేశారు.

నిజమే మరి. వాషరు మీద పేరు చెక్కించుకోవటం కుదరదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే, గిన్నెలు తోముతున్న మా పనిమనిషి చెయ్యాపి విన్నది. ఆవిడ కూతురు ఆ బళ్లోనే తొమ్మిదో తరగతి. ఆ నెలలో ఆ పిల్ల నాలుగు రోజులు బడికి వెళ్లక మా పెరట్లోనే కూర్చుని లెక్కలు చేసుకుంది. జ్వరమేమో అనుకున్నాను. కాదట. మోటారు కాలిపోయి మరుగుదొడ్డిలో నీళ్లు రావటం లేదు. ఎదిగిన ఆడపిల్ల ఆ నాలుగు రోజులూ నీళ్లు లేని చోటికి ఎలా వెళ్తుంది? ఇది మా ఆవిడకి ముందే తెలుసు. పక్కగదిలో కూర్చుని పేపరు చదువుకునే నాకే తెలియదు. ఏడాదికి ఎన్ని నాలుగు రోజులు! ఆ వయసులో తప్పిన లెక్కల పాఠం మళ్లీ అందుకోవటం ఎంత కష్టమో నాకు తెలుసు. పదో తరగతి పోతే ఆ పిల్ల కూడా వాళ్లమ్మ పక్కన గిన్నెల ముందు కూర్చోవటమే.

"మేం నలుగురం కలిసి ఆ బడికి చందాలు పోగుచేస్తున్నాంలే" అని ధైర్యం చెప్పబోయాను.

"మేవూ ఇస్తన్నాం గదండీ అయ్యగారూ" అన్నది ఆవిడ, తేలిగ్గా. "పిల్లదాని పేరున పదిహేనువేలు గదండీ. పదమూడే పడినయ్యి. రెండువేలు బడికే అంట."

పెన్సిల్ తీసుకుని లెక్క చూశాను. నిజమే. 2021 జనవరిలో అమ్మఒడి రెండో విడతలో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకి మినహాయించి 14 వేలిచ్చారు. మరుసటి ఏడాదికి ఆ మినహాయింపు 2 వేలయింది. 2025 జూన్లో వచ్చిన 'తల్లికి వందనం'లోనూ 13 వేలు తల్లి ఖాతాకి, 2 వేలు బడి నిర్వహణకి. మా ఏడుగురిలో అప్పటికి ఎక్కువ రాసిచ్చిన వాడు నేనే, వెయ్యినూటపదహార్లు. అంటే ఆ బడికి నాకన్నా పెద్ద దాత మా ఇంట్లో అంట్లు తోముతోంది. ఆవిడ పేరు ఏ ఫలకం మీదా లేదు. ఆవిడకెవరూ రశీదు కూడా ఇవ్వలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక మా తాతగారి ఊరు తలుచుకున్నాను. కృష్ణకి 1855లో ఆనకట్ట పూర్తి చేసింది సర్కారే. 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టిందీ సర్కారే. బెజవాడ నడిబొడ్డు నుంచి ఏలూరు కాలవా, బందరు కాలవా, రైవిస్ కాలవా నిండుగా పోతాయి. అయినా ఏ చేలోకీ నీళ్లు వాటంతటవి ఎక్కవు. కాలవ నుంచి చేనికి వెళ్లే బోదె పూడిక రైతులే తీసుకోవాలి. ఎండాకాలం ఇంటికో మనిషి పారతో రావాల్సిందే. కుడిమరామత్తు అని దీనికి పేరు, 1858లో మద్రాసు ప్రభుత్వం దీనికో చట్టం కూడా చేసింది. ఒక్కడు ఎగ్గొడితే కింది చేలన్నీ ఎండేవి. కాలవ సర్కారుది, బోదె ఊరిది. బోదె మేం తీస్తున్నాం గదా అని కాలవ పనులు ఆపుతామంటే ఏ రైతూ ఊరుకోడు. చందాలొస్తున్నాయి గదా అని బడికిచ్చే పైకం తగ్గిస్తామన్నా మనం ఊరుకోకూడదు.

చట్టం చేసేవాళ్లకీ ఈ పోలిక తోచినట్టుంది. 1997లో నీటి సంఘాలకి చట్టం వస్తే, మర్నాడే అన్నట్టు 1998లో బడి కమిటీలకి చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టమయితే, బడి కమిటీలో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి అన్నది. అంటే బడికి పెద్దలు ముందే ఉన్నారు. మేం వెళ్లి పెద్దరికం చెయ్యక్కర్లేదు. వాళ్ల వెనక నిలబడి పార పట్టుకుంటే చాలు.

ఇంకొకటి కూడా తోచింది. పేటకో సంఘం పెడితే బెంజి సర్కిల్ వైపు బడికి చందాలు వరదలా వస్తాయి, కొండమీద ఇళ్ల పిల్లలు చదివే బడికి చుక్క రాదు. అమెరికాలోనూ ఇదే తంటా అట, డబ్బున్న ఊరి బడికే డబ్బు చేరుతుందని మావాడే చెప్పాడు. అందుకని ఊరంతటికీ ఒకే హుండీ ఉండాలి, నగరమే పూనుకోవాలి. తమిళనాడు ప్రభుత్వం 2022 డిసెంబర్లో రాష్ట్రం మొత్తానికి 'నమ్మ స్కూల్ ఫౌండేషన్' పెట్టింది. మనవాళ్లు 2019లో విరాళాల కోసం 'కనెక్ట్ టు ఆంధ్రా' తెరిచారు. బెజవాడ అంత ఊరికి తనదంటూ ఒకటి ఎందుకుండకూడదు? నగరపాలక సంస్థకి అర్జీ రాశాను. అర్జీ రాయటం నాకొచ్చిన ఏకైక విద్య. ఆ బళ్లోనే నేర్పారు.

మర్నాడు సమావేశంలో ఆర్చి లేదని చెప్పాను. నెలకింత అని ఒక మెకానిక్కుని మాట్లాడదామన్నాను. ఆర్చి ఆయన వాషర్ల సంఘంలో తానుండనని లేచిపోయాడు. ఆరుగురం మిగిలాం. రిజిస్ట్రేషనుకి ఏడో మనిషి కావాలి.

ఏడో సంతకం మా పనిమనిషి పెట్టింది. "నాకెందుకండీ ఇయ్యన్నీ" అంటూనే, చెయ్యి తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టింది. కూతురు నేర్పిందట. సభ్యత్వానికి పది రూపాయల నోటొకటి కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టి, కదలకుండా నిలబడింది.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"రశీదియ్యరా అండీ?"

కొత్త పుస్తకం తెరిచి, మొదటి కాగితం మీద ఆవిడ పేరు రాసి ఇచ్చాను. రెండో కాగితం మీద నా పేరు రాసుకున్నాను. ఆదివారం మావాడు ఫోన్ చేస్తాడు. మూడోది వాడికి. ఈసారి వాడడిగింది వినపడలేదని అననని అనుకుంటున్నాను.