చందనవెల్లిలో ఏడుదినములు

హైదరాబాదునకు నైరృతిదిశను 40 కిలోమీటర్లకు పైబడిన దూరమున, రంగారెడ్డి జిల్లా షాబాదు మండలములో చందనవెల్లి యను గ్రామము గలదు. మెహిదీపట్నమున బస్సెక్కి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు బోయి, అచ్చటినుండి షాబాదు త్రోవను బట్టవలెను. పేరునందలి చందనము మాకెచ్చటను గానరాలేదుగాని, త్రోవపొడుగునను గల మఱ్ఱిమ్రాకుల నీడ యంతకంటె జల్లనిది. బీజాపురమునకు బోవు నీ మార్గమున దాదాపు 900 మఱ్ఱిచెట్లు గలవు. నిజాముల కాలమున నాటినవని చెప్పుదురు. రహదారిని వెడల్పు చేయవలెనను నిర్ణయము వెలువడినది మొదలు వీనిని గూర్చి హరిత న్యాయాధికరణముదాక వాదములు నడచినవి. ఒక్కొక్క చెట్టుక్రింద నొక్కొక్క బేరము: ఒకచోట టమాటాల బుట్టలు, ఒకచోట చేమంతిపూల గంపలు, మఱియొకచోట పంక్చరు వేయువాని పెట్టె. చెట్టును గొట్టుటకు ముందు దాని క్రింద గూర్చున్నవారి నడిగిన బాగుండునని మాకు దోచినది.

చందనవెల్లి యిపుడు పొలముల యూరు మాత్రమే కాదు. తివాసులు, నేలపలకలు చేయు కర్మాగారము లచ్చట వెలసినవి. 2022వ సంవత్సరము నవంబరులో అమెజాను సంస్థవారు హైదరాబాదు ప్రాంతమున దెఱచిన డేటా సెంటర్లలో నొకటి యీ యూరి పొలిమేరలోనిదే. ప్రపంచములోని లెక్కలన్నియు నచ్చటి యంత్రములలో దాచబడునట. ఇన్ని గోడలు లేచుటకు నిటుకలు గావలెను గదా! ఆ యిటుకలు చేయువారి బిడ్డలకు నక్షరములు నేర్పుటకై, మాఘమాసపు కడపటివారమున మేము నలుగురు స్త్రీలము బోయి, ఏడుదినము లొక బట్టీచెంత నుంటిమి. మా వారు బడిపంతులగుటచే పలకలు, బలపములు, బొమ్మల పటములు మాకు సమకూర్చి పంపిరి.

ఆ పనివా రెవ్వరో సోదరీమణులకు జెప్పవలెను. వారు మన దేశపువారే గాని మన భాషవారు కారు. పడమటి ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి వత్తురు. అచ్చట వానలు తప్పిన యేడు బ్రదుకు గడవదు. నువాఖాయి యను కొత్తబియ్యపు పండుగ వెళ్లగానే మేస్త్రీలు బయలుదేరి యింటింటికి బయానా సొమ్మిత్తురు. మగడు, పెండ్లాము, ఒక బిడ్డ కలిసి యొక జట్టు. దీనిని వారు పథురియా యందురు. బిడ్డనుగూడ జట్టులో లెక్కించుటయే మాకు మొదట గుండెలో గ్రుచ్చుకొన్న మాట. కార్తీకమార్గశిరములలో వచ్చి, వానలు పడువఱకు బట్టీవద్దనే గుడిసెలు వేసికొని యుందురు. కూలి వేయి యిటుకలకింతయని. అదియు బయానా తీరినపిమ్మటనే లెక్కకు వచ్చును. అంతవఱకు వారమువారము ఖర్చునకు గొంత సొమ్మును, నూకలును ఇచ్చుచుందురు.

మొదటి రెండుదినములు మాకు మిక్కిలి కష్టముగా గడచినవి. రాత్రి రెండుగంటలకే వారు లేచి మట్టి ద్రొక్కుట కారంభింతురు. తెల్లవాఱుసరికి పిల్లలు పచ్చియిటుకలను ఎండకు దిరుగవేయుచుందురు. మేము వేసిన చాపమీద గూర్చుండుట కెవ్వరును రాలేదు. వచ్చిన మువ్వురును మా మాట తెలియక మా ముఖములు చూచి నవ్విరి. ఆ మధ్యాహ్నమే సుడిగాలి వీచి మా పందిరిమీది టార్పాలిను నెగురవేసికొనిపోయినది. నీళ్ల ట్యాంకరు రాలేదు. ఎఱ్ఱని ధూళి యన్నములోను, కన్నులలోను బడుచుండెను. మాలో బిన్నయగు సోదరి రాత్రి దుప్పటి కప్పుకొని యేడ్చినది; మేమేమియు ననలేదు.

రెండవనాటి సాయంకాలము బిందెలు పట్టుకొని చేలగట్టున నడచుచుండగా, ఒక రైతుగృహిణి బోరుబావికడనుండి మమ్ము బిలిచినది. "గా బట్టీకాడ సదువు సెప్పవచ్చినోళ్లు మీరేనా అమ్మా? నీళ్లకు గంత దూరం ఎందుకు, మా బోరుకాడ పట్టుకోరి. రోజు రారి," అనెను. అంతతో నూరకొనక, ధర లేక చేనిలోనే విడిచిన బంతిపూలను కొంగునిండ గోసి మా కిచ్చినది. పోతనగారి భాగవతమున రంతిదేవుడు నలుబదియెనిమిది దినములు పస్తుండియు, తుదకు మిగిలిన గ్రుక్కెడు నీటినిగూడ దప్పిగొన్నవాని కిచ్చిన కథ మనమందఱము చదివినదే. ఆయన చక్రవర్తివంశపువాడు. ఈమెకు బోరునీరు తన టమాటామడులకే చాలదు.

మూడవదినమున నొక చిన్న ద్వారము తెఱచుకొన్నది. పదేండ్ల బాలిక యొకతె తన యక్కచెల్లెండ్రకు జూపుచు నేలమీద నొక సున్న చుట్టి "ఠ" అని పలికినది. మేముగూడ దానిప్రక్క సున్న చుట్టి, నడుమ జుక్క పెట్టి "ఠ" అంటిమి. ఆ పిల్ల కన్నులు పెద్దవి చేసి మావంక జూచినది. వారి లిపిలో ఠకారము వట్టి సున్న. మనదానిలో జుక్క యొకటి యెక్కువ, అంతియే. అశోకుని శాసనముల బ్రాహ్మీలిపియందును ఠకార మిట్టి సున్నయే. రెండువేల యేండ్లకు బైగా విడిపోయిన యక్కచెల్లెండ్రు బట్టీధూళిలో నొకరినొక రానవాలు పట్టినట్లయినది. తాటియాకుమీద గంటముతో నిలువుగీత గీసిన ఆకు చీలుననియే మన యక్షరములును వారి యక్షరములును గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు.

అటుపిమ్మట మాటలాట మొదలయ్యెను. వారు అన్నమును భాత మందురు. సంస్కృతమున భక్తమనగా నన్నమే. కూరాకును శాగమందురు, మన శాకమే యది. బెల్లమును గుడమందురు, వైద్యగ్రంథములలో జదివిన గుడము! నీళ్లుపోసి యుంచిన చద్దియన్నమును పఖాళ మందురు. ప్రక్షాళితమను మాటయే యట్లు నలిగినదట. చిన్ననాడు తండ్రిగారికడ నేర్చిన యమరకోశము వంటయింటిలో దక్క నుపయోగపడదని యనుకొనుచుండెడివారము. అదియే యీ యిటుకబట్టీలో మాకు దుబాసీ యయ్యెను. ఆ బాలిక తల్లి మాకు సత్తుగిన్నెతో పఖాళము తెచ్చి, దానిలో నొక యుల్లిపాయ, రెండు వేయించిన తోటకూర రెబ్బలు వేసి యిచ్చినది. అక్షయపాత్రకు నంటుకొన్న యాకు కథను మేము వారికి జెప్పుటకు భాష చాలలేదుగాని, తినునపుడు తలచుకొంటిమి.

ఆ రాత్రి, మాతో వచ్చిన క్రైస్తవసోదరి యొక చరిత్ర చెప్పినది. ఇట్లే యొకనాడు మన తెలుగువారును బయానాలు పుచ్చుకొని దేశము విడిచిపోయిరి గదా! 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ చెన్నపట్టణమునుండి కూలీలను గొనిపోయి దక్షిణాఫ్రికాలోని నెటాలు రేవున దింపినది. ఒప్పందము లైదేండ్లకు, అగ్రిమెంటను మాట వారినోట గిరిమిట్టయినది. 1911 వఱకు నట్టి యోడలు బోవుచునే యుండెను. చెఱకుతోటలలో, తేయాకుతోటలలో మన గంజాము, విశాఖ, నెల్లూరు ప్రాంతములవారు చెమటోడ్చిరి. వారిలో గొందఱు తెలుగు బాప్తిస్టులు తమకు దమ భాష పలుకు బోధకుని బంపుడని కోరగా, మన తెలుగు క్రైస్తవులే పూనుకొని 1903లో జాన్ రంగయ్యగారిని బంపిరి. దొరలు మన దేశమునకు వచ్చుటయే యెఱిగిన కాలమది; మనవా డొకడు సముద్రము దాటి సేవకు బోవుట క్రొత్త. భార్యాబిడ్డలతో బోయి, కీర్స్నీ యను తేయాకుతోటల ప్రాంతమున నుండి, ఆ యేడు డిసెంబరులోనే యొక సంఘమును గూర్చెను. 1915లో దాను మరణించువఱకు నచ్చటనే పాటుపడెను.

మతము మాట యటుంచుడు. పగలెల్ల పరభాషలో నరపులు వినిన కూలివాడు రాత్రి తన తల్లిభాషలో నొక్క పలుకు విన్నపు డెట్లుండునో మేమారాత్రి యూహించుకొంటిమి. ఆ సోదరి మఱునాడే యొడియాలో నైదాఱు వాక్యములు వ్రాసికొని వల్లెవేయ మొదలిడినది. దుప్పటిలో నేడ్చిన చిన్నసోదరియు నామెతో గలిసినది.

నాల్గవనాడు తొమ్మండుగురు, అయిదవనాడు పదునాఱుగురు పిల్లలు వచ్చిరి. ఆనాడే యొక పసివానికి జ్వరము మిక్కుటమయ్యెను. మేస్త్రీ మొదట నడ్డు చెప్పెను; పని చెడునని యతని భయము. బోరుబావి గృహిణియే తన కొడుకు నాటోను బిలిపించి, తల్లిబిడ్డలను మాతో చేవెళ్ల యాసుపత్రికి బంపినది. ఆ రాత్రి యంతయు బెంచీమీద గూర్చుంటిమి. తెల్లవాఱుజామున జ్వరము దిగి, పసివాడు కన్ను విప్పి తల్లి ముక్కుపుడకను బట్టుకొని లాగెను. ఆ తల్లి నొప్పికి మూల్గక నవ్వుచుండెను.

ఆఱవనాటి సంగతి యొకటి చెప్పి ముగింతుము. "ఠ" చుట్టిన బాలిక తల్లి మమ్ము గుడిసెలోనికి బిలిచి గోడ చూపినది. దానిమీద బొగ్గుగీతలు వరుసలుగా నున్నవి. వేయి యిటుకలకొక గీత. చదువు రానిదయినను నామె లెక్క తప్పదు. మేస్త్రీ పుస్తకములో నెంతయున్నదో యామెకు దెలియదు. మేము చదివి చెప్పుటకు మాఱుగా, ఆ బాలికకే మన అంకెలు, వారి అంకెలు పక్కపక్కన వ్రాసి మధ్యాహ్నమంతయు నేర్పితిమి. సాయంకాలము లెక్కల వేళ తల్లితో గూడ బోయి, పుస్తకముపై వ్రేలుంచి, మెల్లగా నొక్కొక్క అంకె పలికినది. గోడమీద 64 గీతలు, పుస్తకములో 61. మేస్త్రీ మావంక జూచెను, బాలికవంక జూచెను, తుదకు బుస్తకమువంక జూచి, "మఱచితిని" అని గొణుగుచు దిద్దెను.

ఏడవనాడు మేము మూట గట్టుకొనునప్పటికి చాప మాత్ర మచ్చటనే పఱచియున్నది. ఊరిలో డిగ్రీ చదువుచున్న యొక పడుచు ఆదివారము లందు వచ్చుటకొప్పుకొన్నది. పిల్లలకు సెలవు చెప్పబోగా నా బాలిక చాపమీద లేదు. గుడిసెలోనికి దొంగిచూచితిమి; చేతిలో బొగ్గుముక్కతో గోడకడ నిలిచి, 64వ గీత ప్రక్కన నాటి గీత గీయుచుండెను. దానిక్రింద 65 అని మన అంకెలతో వ్రాసియున్నది.