మా అంబాసిడర్ నోరు మూయించిన కథ

సినిమాల్లో మీరూ చూసే ఉంటారు. హీరో కారు నడుపుతుంటాడు. పక్కన హీరోయిన్. బయట వాన. ఆవిడ తలొంచుకుని, పెదవి కదిలీ కదలకుండా ఏదో అంటుంది. అతనికి వినిపించేస్తుంది! వెనక సీట్లో తల్లి పాత్ర నిట్టూర్చినా వినిపిస్తుంది. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ ఒకటే అనుమానం... వీళ్ళెక్కింది అంబాసిడరేనా అని!

ఎందుకంటే మా ఇంట్లోనూ ఒకటుంది. 1988 మోడల్, మార్క్ ఫోర్, డీజిల్ బండి. మా నాన్న దాన్ని నర్సీపట్నంలో ఇరవై ఎనిమిదేళ్ళు టాక్సీగా తిప్పాడు. తుని రైలుకెళ్ళేవాళ్ళు, విశాఖ ఆస్పత్రులకెళ్ళేవాళ్ళు, చింతపల్లి ఘాటెక్కే పెళ్ళివారు – అందరూ అందులోనే. 2016లో టాక్సీ మానేశాక అది మా సొంతానికి మిగిలింది. ఆ బండిలో గుసగుసలకి చోటు లేదు. "నాన్నా, ఆపు!" అని మేం అరవాలి. "ఏటీ?" అని ఆయన అరవాలి. మళ్ళీ మేం అరవాలి. ఈలోగా దిగాల్సిన చోటు అర మైలు వెనకపడిపోయేది.

తర్వాత్తర్వాత తెలిసింది లెండి, వెండితెర మీది ఆ నిశ్శబ్దం రహస్యం. పాత చిత్రాల్లో చాలాసార్లు కారు అసలు కదలదు. స్టూడియో ఫ్లోర్ మీద నిలబడి ఉంటుంది. వెనక తెర మీద రోడ్డు పరుగెడుతుంది. ఇద్దరు లైట్‌బాయ్‌లు బంపరు పట్టుకుని ఊపుతుంటారు. మాటల సంగతంటారా... అప్పట్లో కెమెరాయే పెద్ద చప్పుళ్ళమారి. దాని నోరు మూయడానికి లోపల మెత్త వేసిన ఓ పెట్టెలో దాన్ని బంధించేవారు. ఆ పెట్టె పేరు బ్లింప్. 1960 ల తర్వాత చేతిలో పట్టుకు తిరిగే చిన్న యారీఫ్లెక్స్ కెమెరాలు బాగా వాడుకలోకి వచ్చాయి. అవి కుట్టుమిషన్లా టకటకలాడేవి. దాంతో షూటింగ్‌లో పలికిన మాటల మీద ఆశ వదులుకుని, డబ్బింగ్ థియేటర్లో కొత్తగా చెప్పించడం మొదలుపెట్టారు. 2001లో "లగాన్" వచ్చినప్పుడు, లొకేషన్లో పలికిన మాటల్నే వాడారట అని జనం వింతగా చెప్పుకున్నారంటే మరి, అర్థం చేసుకోండి.

అంటే చప్పుడుకి సినిమావాళ్ళు కనిపెట్టిన మందులు రెండు. చప్పుడు చేసేదానికి ముసుగెయ్యడం, లేదా మాటలు మళ్ళీ చెప్పించడం. కారుకి డబ్బింగ్ చెప్పించలేం కదా! నాకు మొదటిదే గతి.

2023 దసరాకి అటక దులుపుతుంటే పాత కేసెట్ల పెట్టె బయటపడింది. అందులో "అభినందన". ఇళయరాజా సంగీతం. అదీ 1988లో వచ్చిన సినిమాయే, మా బండి ఈడుదే! కారులో మూలుగుతున్న టేప్‌రికార్డరు బాగు చేయించి, కేసెట్ పెట్టి, అబీద్ సెంటర్ దాకా వెళ్ళొచ్చాను. పల్లవి సగం వినిపించింది, చరణం పావు. వయొలిన్ల జాడే లేదు. వాటి బదులు కిటికీ అద్దాలు దడదడ, డాష్‌బోర్డు వెనకనుంచి టిక్‌టిక్, డిక్కీలోంచి ధన్‌ధన్... బండే ఓ వాద్యబృందం! కాని శ్రుతి లేదు.

ఆ రోజే తీర్మానించుకున్నాను, దీని నోరు మూయించాల్సిందేనని.

నాన్న ఒప్పుకోలేదు. "బండి నోరు కట్టీస్తే దానికేటి నొప్పో మనకెలాగ తెలుస్తాదిరా?" అన్నాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. బండిలో కూర్చుని, బేరింగు పోతోందో బెల్టు వదులైందో చెప్పేసిన మనిషాయన. చెవితో బండి నడుపుతాడని స్టాండులో పేరు. "ముక్కుమూతి కట్టను నాన్నా, సణుగుడు ఒక్కటే ఆపుతాను" అని నచ్చచెప్పి, మేస్త్రీ షెడ్డుకి తోలుకుపోయాను.

ఇలాంటి పాత బండి మీ ఇంట్లోనూ ఉంటే ఇది చదవండి. లేనివాళ్ళు రెండు పేరాలు దాటేసినా నేనేం అనుకోను. చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవడమే సగం పని. బండి నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కితే వస్తే అది ఇంజనుది, లేదా దాన్ని పట్టుకుని వేలాడే సైలెన్సరుది. నున్నటి రోడ్డు మీద స్పీడుతోపాటు పెరిగితే టైర్లదో గాలిదో. గుంటలో పడ్డప్పుడే వస్తే బాడీది. నేను వెనక సీట్లో పడుకుని తలుపుకి చెవి ఆనించేవాణ్ణి, మేస్త్రీ నడిపేవాడు. చప్పుడొచ్చినచోట అరచెయ్యి అదిమితే ఆగిపోయిందా, దొంగ దొరికినట్టే. కిటికీ అద్దం నడిచే గాడిలో ఫెల్టు అరిగి పోగులైపోయింది. బానెట్ కింద రబ్బరు బొడిపెలు రెండు ఎప్పుడో రాలిపోయాయి. డిక్కీలో జాకీ, స్టెప్నీ ఇష్టమొచ్చినట్టు దొర్లుతున్నాయి. వీటికి పెద్ద వైద్యం అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు, ఫెల్టు పట్టీలు, నాలుగు బోల్టులు చాలు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, తలుపు బీడింగులు మాత్రం మేస్త్రీ ఏ తుక్కు బండికో ఊడబెరికి తెచ్చాడు.

ఎడంపక్క వెనక తలుపులో ఏదో దొర్లే చప్పుడు మమ్మల్ని నాలుగు రోజులు ఏడిపించింది. చివరికి లోపలి అట్ట విప్పితే, అడుగున ఓ పావలా బిళ్ళ – 2011లో చెల్లకుండా పోయిన సరుకు – ఒక జడపిన్ను, సగం చింపిన సినిమా టిక్కెట్టు! ఏ సినిమాయో అక్షరాలు చెరిగిపోయాయి. ఆ టిక్కెట్టు ఎవరిదో, ఆ పిన్ను ఎవరిదో, ఆ ఇద్దరూ ఒకే రోజు ఎక్కారో లేదో... మేస్త్రీ దాని మీద అరగంట కథ అల్లాడు. కథా రచయితగా మద్రాసు వెళ్ళాల్సినవాడు పాపం!

ఇక రేకు సంగతి. అంబాసిడర్ తలుపు ఎంత దళసరిగా ఉన్నా రేకు రేకే. డప్పు లాంటిది. కొడితే మోగుతుంది. డప్పు మీద అరచెయ్యి ఆనిస్తే ఏమవుతుంది? మోత చచ్చిపోతుంది. అదే సూత్రంతో రేకు లోపలివైపు తారు షీట్లు అంటించాలి. రేకంతా కప్పనక్కర్లేదు, మధ్యలో పావో మూడో వంతో కప్పినా చాలు. నేను అత్యుత్సాహంతో కింద అంచుదాకా అంటించేసి మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాను. వాన నీళ్ళు అద్దం పక్కనుంచి తలుపులోకి దిగుతాయి. అవి పోవడానికి అడుగున కన్నాలుంటాయి. అవి మూసేస్తే తలుపు లోపలినుంచే తుప్పు పట్టి రాలిపోతుంది.

అన్నిటికంటె నాకు నచ్చిన పని రాత్రిపూట చేశాం. ఇంజన్ గదిలో బల్బు వెలిగించి, షెడ్డు లైట్లార్పి, డ్రైవరు సీట్లో కూర్చున్నాను. పెడళ్ళ దగ్గర, వైర్లు లోపలికొచ్చే చోట, సన్నసన్నటి కాంతి గీతలు! ప్రొజెక్టర్ గది కంతలోంచి హాల్లోకి పడే వెలుగులాగ! వెలుతురొచ్చే కన్నంలోంచి చప్పుడూ వస్తుంది. ఒక్కొక్కటే రబ్బరుతో మూశాం. నేల మీద తారు షీటు, దాని మీద మందపాటి ఫెల్టు, పైన మ్యాటు పరిచాం. మెట్లు మెట్లుగా అరిగి హోరుమంటున్న వెనక టైరొకటి మార్చాం. అది కాక అంతా ఆరువేల లోపే. ఫోన్లో కొలిస్తే ఆరేడు డెసిబెల్స్ తగ్గింది. పది తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుందంటారు. మాదీ ఇంచుమించు ఆ దగ్గరే.

నాన్న నడిపి చూశాడు. ఏమీ అనలేదు. ఒక్క విషయం గమనించాను గాని పట్టించుకోలేదు. గేర్లు ఆలస్యంగా మారుస్తున్నాడు. థర్డ్‌లో ఇంజను గొంతు చించుకుంటున్నా అలాగే లాగుతున్నాడు. నా మీద అలక కాబోలు అనుకున్నాను.

డిసెంబరులో ముగ్గురం లంబసింగి బయల్దేరాం. నాన్న డ్రైవింగ్, పక్కన నేను, వెనక అమ్మ. డౌనూరు దాటి ఘాటెక్కుతుంటే పొగమంచు మొదలైంది. టేప్‌రికార్డర్లో "అభినందన" సన్నగా వినిపిస్తోంది. వయొలిన్లు కూడా! ఆ దారి వస్తే నాన్న తప్పకుండా చెప్పే కథొకటుంది. 1974లో వచ్చిన కృష్ణగారి "అల్లూరి సీతారామరాజు" షూటింగ్ చింతపల్లి అడవుల్లో జరుగుతుంటే, పంతొమ్మిదేళ్ళవాడు, కలప లారీ ఎక్కిపోయి చూసొచ్చానని. ఆ వేళా మొదలెట్టాడు. ఎప్పటిలాగే, గొంతెత్తి. కాని ఆ నిశ్శబ్దంలో అది కారులో చెప్పే కథలా లేదు. మైదానంలో ఉపన్యాసంలా ఉంది.

కథ అయ్యాక అమ్మ వెనకనుంచి అంది. "ఇదిగో, మిమ్మల్నే... ఆ అద్దం కాస్త ఎత్తండి, చలేస్తంది."

నాన్న పలకలేదు. మలుపు మీద ధ్యాస అనుకున్నాను.

"మిమ్మల్నేనండీ."

పలకలేదు.

అమ్మకేసి తిరిగాను. అమ్మ నాకేసి చూసింది. అప్పుడు నేనో పని చేశాను, ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. పాట ఆపేసి, రోడ్డుకేసి చూస్తూ, మామూలు గొంతుతో అన్నాను. "నాన్నా, మలుపు దాటాక ఆపుదామా?"

జవాబు లేదు. రెండు మలుపులు తిరిగాక ఆయనే గట్టిగా అరిచాడు. "ఏట్రా, ఎవులూ మాటాడరేటి?"

అమ్మ చెయ్యి ముందుకొచ్చి ఆయన సీటు వీపు పట్టుకుంది. "ఇన్నాళ్ళూ బండి సప్పుడనుకున్నానురా" అంది నాతో, మెల్లిగా. ఆయనకి వినపడదని తెలిసీ మెల్లిగా అంది.

లంబసింగిలో టీ తాగుతూ, ఎడంపక్క దగ్గరగా కూర్చుని అడిగాను. చాలాసేపు గ్లాసు తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత చెప్పాడు. టాక్సీ మానెయ్యడానికి ఐదారేళ్ళ ముందునుంచే తగ్గిందట. "డ్రైవరుకి సెవుల్లేవంటే ఆ బండి ఎవుడెక్కుతాడ్రా? నీ కాలేజీ ఫీజు ఎవుడు కడతాడు?" అన్నాడు. మరి బండి జబ్బులు ఎలా కనిపెట్టేవాడు? స్టీరింగు పట్టిన చేతుల్తో. పెడలు మీది పాదంతో. ఇంజను ఎప్పుడు గేరు అడుగుతోందో నేల అదురు చెప్పేది. ఆ నేల మీదే నేను ఫెల్టు పరిచాను.

తిరుగు ప్రయాణంలో నేను నడిపాను. ఆయన వద్దనలేదు.

విశాఖలో చెవుల డాక్టరు పరీక్ష చేసి ఓ గ్రాఫు చేతిలో పెట్టాడు. గీత ఎడమనుంచి బయల్దేరి, కుడివైపు కొండ దిగినట్టు జారిపోయింది. లావుపాటి ధ్వనులు బాగానే వినిపిస్తాయి, సన్నవి పోయాయి. స, శ, త లాంటివి సన్న గొంతువి. అవి రాలిపోతే మాట వినిపిస్తుంది గాని, ఏ మాటో తెలియదు. అందుకే అరిచినా సగం సగం అందేది. రెండు చెవుల్లోనూ కిటికీవైపుది, కుడిదే ఎక్కువ పోయింది. వయసు కొంత, చప్పుడు కొంత అన్నాడు డాక్టరు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజూ ఎనిమిదేసి గంటలు ఏళ్ళ తరబడి ఉంటే చెవికి చేటట. అద్దం దించుకుని డీజిల్ బండి నడిపేవాడు ఆ లెక్క ఎక్కడ చూసుకుంటాడు?

మిషను కొన్నాం. రెండు వారాలు అది డబ్బాలోనే ఉంది. పెట్టుకుంటే స్పూను పడ్డా ఉలిక్కిపడేవాడు. 2024 సంక్రాంతికి "హనుమాన్" చూద్దామని ముగ్గురం వెళ్ళాం. పట్టుబట్టి మిషను పెట్టించింది అమ్మ. హాల్లో పది నిమిషాలు గడిచేసరికి తీసి జేబులో పెట్టేసుకున్నాడు. "ఇదేటి సినిమారా, పిడుగులా?" అని. ఆట అయ్యాక మళ్ళీ పెట్టుకున్నాడు. స్టీరింగు దగ్గర తనే కూర్చున్నాడు. అంతకుముందే ఆయన కాళ్ళ కింద ఫెల్టు నేను తీసేశాను లెండి. గేరు వేళకి పడింది.

అబీద్ సెంటర్ దాటామో లేదో, బండి పక్కకి తీసి ఆపాడు.

"ఒరే, ఎనక ఎడంపక్క తలుపులో ఏటో టకటకలాడతంది."

నాకేం వినపడలేదు. అమ్మకీ వినపడలేదు. "ఏం లేదు నాన్నా, అది నేనే స్వయంగా..." అంటున్నాను.

"నోరుమూసుకుని ఇను" అన్నాడు, గొంతెత్తకుండా.

దిగి, తలుపుకి చెవి ఆనించాను. ఆయన ఇంజను కాస్త రైజ్ చేశాడు. ఉంది! సన్నగా, గోటితో గీరినట్టు. అట్ట బిగించిన స్క్రూ ఒకటి వదులైంది.

"ఆరువేలు ఎట్టీసినావు" అని, డిక్కీలో స్క్రూడ్రైవరు కోసం దిగాడు.