మీ ఇంటిపేరు గుడారం ఏది?

స్కాట్లండ్ అనగానే మన కుర్రకారుకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి, 1998లో వచ్చిన ‘కుచ్ కుచ్ హోతా హై’ టైటిల్ పాటలో షారుఖ్, కాజోల్ తిరిగిన పచ్చటి కొండలు. రెండు, 1995 నాటి ‘బ్రేవ్‌హార్ట్’లో మొహానికి నీలంరంగు పూసుకుని గుర్రమెక్కిన మెల్ గిబ్సన్. చెప్పొద్దూ, ఆ రెండోది నేను ఏడుసార్లు చూశాను. హీరో పాత్ర అసలు మనిషి విలియం వాలెస్ 1305లోనే చనిపోయాడు. సినిమాలో అతగాడు చుట్టుకున్న గళ్ల గుడ్డ మాత్రం ఇంచుమించు మూడొందల ఏళ్ల తర్వాత పుట్టింది! పోన్లెద్దురూ, ఎనిమిదోసారి చూడమన్నా నేను రెడీ.

అలాంటివాణ్ణి కనుకనే, “ఆగస్టులో రారా, అబాయిన్ ఆటల్లో చిన్నది డాన్సు చేస్తోంది” అని అబర్డీన్ నుంచి మా అక్క ఫోన్ చేసిందో లేదో, పెట్టె సర్దేశాను.

అబాయిన్ డీ నది పక్కన చిన్న ఊరు. ఊరి మధ్య పచ్చిక మైదానం. అక్కడ ఒకటి అయ్యాక ఒకటి అనేది లేదు సుమండీ! ఓ మూల బ్యాగ్‌పైపుల పోటీ, ఓ మూల డాన్సులు, నడుమ బరువులు విసరడం, చుట్టూ పరుగుపందెం... ఒకే తెరమీద నాలుగు సినిమాలు వేసినట్టు ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను లాగింది ‘కేబర్’. ఇరవై అడుగులకు కాస్త అటూఇటూగా ఉండే చెట్టు మాను. వస్తాదు దాన్ని రెండు అరచేతుల్లో నిలబెట్టుకుని, పరుగెత్తి, పైకి ఎగరేస్తాడు. ఎంత దూరం పడిందన్నది లెక్కలోకే రాదు! మాను గాలిలో తలకిందులుగా తిరిగి, గడియారంలో పన్నెండు గంటల ముల్లులా అతని ముందు తిన్నగా పడాలి. అదీ మార్కు. మన స్టంట్ మాస్టర్లు చూడాల్సిన కళ!

మైదానం అంచున గుడారాలు. ఒక్కో గుడారం ఒక్కో క్లాన్‌ది, అంటే ఒక్కో ఇంటిపేరుది. గేలిక్ భాషలో ‘క్లాన్’ అంటే పిల్లలని అర్థం. ‘మాక్’ అంటే కొడుకు. అలాగని ఒక ఇంటిపేరు వాళ్లందరిదీ ఒకే రక్తమనుకునేరు! దొర నీడన బతికినవాళ్లు చాలామంది దొర పేరే పెట్టుకున్నారు.

ఇంత సంబరం వెనక ఏడుపు రీలు ఒకటుంది. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో హైలండర్ల సైన్యం గంటలోపే కూలిపోయింది. ఆ మీదట వాళ్ల దుస్తులమీద నిషేధం పెట్టారు. అది 1782 దాకా తొలగలేదు. తర్వాత గొర్రెల పెంపకంలో లాభం కనబడేసరికి భూస్వాములు రైతుల్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. ఆ భూస్వాముల్లో సొంత క్లాన్ పెద్దలే ఉన్నారు, అదీ ఘోరం! జనం ఓడలెక్కి కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా పోయారు. ఇక 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వస్తే, నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆర్ట్ డైరెక్టరై ఊరంతా గళ్ల గుడ్డలతో నింపేశాడు. ఒకప్పుడు శిక్ష తెచ్చిపెట్టిన గుడ్డ ఫ్యాషనైపోయింది.

సరే, మా మేనకోడలు. పదిహేనేళ్లది, అబర్డీన్‌లోనే పుట్టింది. డాన్సర్లు నచ్చిన రంగు గళ్లు వేసుకోవచ్చు కనుక ఎర్రవి ఎంచుకుంది. అయితే ఆ గుడారాల ముందు నుంచి నడిచేటప్పుడు మాత్రం అడుగు త్వరత్వరగా వేస్తోంది. ఎందుకో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కెనడా నుంచి వచ్చిన ఓ ముసలాయన ఆప్యాయంగానే అడిగాడు, “మీ గుడారం ఏదమ్మా?” అని.

పిల్ల మొహం ఎర్రబడింది. “మాకు లేదండీ” అని, ఇంటిపేరు చెప్పింది. ఆయన రెండుసార్లు పలకబోయి, నోరు తిరక్క, దానికి అర్థమేమిటన్నాడు.

“అది ఊరి పేరు. నేనెప్పుడూ చూళ్లేదు.”

“మా తాతలది కూడా ఓ ఊరే. నిన్న వెళ్లి చూశాను. రాళ్లగోడలున్నాయి, గొర్రెలున్నాయి” అన్నాడాయన. ఆ మాటంటూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పది అడుగులు వేశాక పిల్ల నా చెయ్యి గుంజింది. “మామయ్యా, మన ఊరు ఇంకా ఉందా?”

“నిక్షేపంలా ఉంది. తెనాలి నుంచి బస్సు కూడా ఉంది” అన్నాను.

మధ్యాహ్నం కత్తుల డాన్సు. నేలమీద రెండు కత్తులు అడ్డంగా పెడతారు. వాటి సందుల్లో మునివేళ్ల మీద ఎగరాలి. కాలు తగిలి కత్తి కదిలిందా, పోటీ నుంచి అవుటే! చివర్లో పిల్ల చప్పట్లు కొట్టగానే పైపు వాయించేవాడు వేగం పెంచాడు. అక్క కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. కత్తి కదల్లేదు.

ప్రైజు రాలేదు, నాలుగో స్థానం. పిల్లకేం బాధ లేదు. కెనడా తాతగారు ఆ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు మరి. సాయంత్రం తెనాలి ఫోన్ చేస్తే మా అమ్మ “కత్తుల మీద గెంతడమేమిట్రా, పిల్లకి దిష్టి తియ్యండి” అని కేకలేసింది. పిల్ల ఫోన్ లాక్కుని, “అమ్మమ్మా, మన ఊరి బస్సు ఎన్నింటికి?” అంది.