చెరువులో నీళ్లు తీసెయ్

మా ఇంట్లో విమానం ఎక్కిన మనిషి అబ్బాజాన్ ఒక్కరే. నేను ఈ రోజుదాకా ఎక్కలేదు. మా చిన్నోడు మాత్రం రోజుకు మూడుసార్లు విమానం దించుతాడు. అనంతపురంలో మా మిద్దె గదిలో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ మీద.

వాడికి పైలట్ కావాలని షౌక్. ఆ ట్రైనింగుకు నలభై, యాభై లక్షలు అవుతుందని తెలిసిన రాత్రి ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వాడే ఆ మాట వదిలేసి ఇంజనీరింగులో చేరాడు. 2020 లాక్‌డౌనులో కాలేజీ మూసి ఇంటికి పంపించాక ఈ ఎక్స్-ప్లేన్ పట్టుకున్నాడు. మొదట్లో నాకు చిరాకే. తర్వాత గమనిస్తే, వాడు విమానం నడిపేదానికంటే నేల కట్టేదాని మీదే ఎక్కువ మెహనత్ చేస్తున్నాడు.

నేల కట్టడమంటే ఏమిటో చెప్తాను. ఈ సిమ్యులేటర్లో దునియా అంతా ఉంటుంది గానీ, పెద్ద ఎయిర్‌పోర్టులకున్న షాన్ చిన్నవాటికి ఉండదు. చాలా చోట్ల ఒట్టి తారు పట్టీ, అంతే. అందుకని షౌక్ ఉన్నవాళ్లు కూర్చుని టెర్మినల్, దీపాలు, విమానాలు నిలిపే జాగా, రన్‌వే మీద తెల్ల గీతలు, అన్నీ విడిగా తయారుచేసి జోడిస్తారు. ఒక్కో ఎయిర్‌పోర్టును ఇరవై, ముప్పై డాలర్లకు అమ్మేవాళ్లున్నారు, ముఫ్త్‌గా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఎక్స్-ప్లేన్ చేసే లామినార్ రీసెర్చ్ వాళ్లే వరల్డ్ ఎడిటర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తారు. దాంతో కట్టిన ఎయిర్‌పోర్టును వాళ్ల సీనరీ గేట్‌వేకి పంపితే, వాళ్లకు సరే అనిపిస్తే, తర్వాతి అప్‌డేట్‌లో అందరికీ అందుతుంది.

మావాడు పుట్టపర్తి ఎయిర్‌పోర్టు కట్టాలనుకున్నాడు. ఎందుకురా, బెంగళూరు కట్టు, హైదరాబాద్ కట్టు, నలుగురూ చూస్తారు అన్నాను. "దాదా కోసం అబ్బూ" అన్నాడు.

అబ్బాజాన్‌ది బుక్కపట్నం చెరువు కింద పల్లె. 1983లో కువైట్ పోయారు, డ్రైవర్ పనికి. 1990 ఆగస్టులో సద్దాం ఫౌజు కువైట్‌లో దిగింది. ఆ సాలు లక్షా డెబ్బై వేలకు పైగా మనవాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయికి తెచ్చారు. అబ్బాజాన్ వాళ్లలో ఒకరు. బస్సులో ఇరాక్ దాటి, గుడారాల్లో పడుకుని, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో దిగారు. అదే 1990లో పుట్టపర్తిలో ఎయిర్‌పోర్టు తెరిచారు. మా పల్లె మీదుగా విమానం వంగుతూ దిగుతుంటే ఆయన పొలం గట్టు మీద నిలబడి చూసేవారు. "ఏడేళ్లు తిరిగి తిరిగి నేనొస్తే, విమానం నా వెనకే వచ్చిందిరా" అని నవ్వేవారు. ఆ ఎయిర్‌పోర్టు గేటు లోపలికి మాత్రం ఆయన ఎన్నడూ పోలేదు.

ఎక్స్-ప్లేన్ భూమిని ఒక్కో డిగ్రీ చొప్పున చతురాలుగా కోసి పెడుతుంది. ఒక్కో చతురానికి ఒక ఫైలు, పేరు అంకెల్లోనే ఉంటుంది. పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం, మేముండే అనంతపురం, అన్నీ +14+077లోనే. కువైట్ +29+047. అమ్మాన్ +31+035. బొంబాయి +19+072. చిన్నోడు ఒక కాగితం మీద ఈ నాలుగూ రాసి చూపించాడు. దాదా జిందగీ మొత్తం నాలుగు ఫైళ్లు అబ్బూ, అన్నాడు. వాడు తమాషాకే అన్నాడు గానీ నాకు గుండెలో ఏదో గుచ్చుకుంది.

మూడు నెలలు పట్టింది. ఒక జుమా రోజు అసర్ నమాజు అయ్యాక అబ్బాజాన్‌ను కుర్చీలో కూర్చోబెట్టాడు. కువైట్‌లో లేచిన విమానాన్ని, దారిని కుదించేసి, మా జిల్లా మీదికి తెచ్చాడు. పుట్టపర్తి రన్‌వే తూర్పు పడమర. ఉత్తరం పక్కనుంచి తిప్పి దించుతున్నాడు. కిటికీ వైపు చూపు మార్చాడు. కింద బుక్కపట్నం చెరువు, నిండుగా, నీలంగా, అలలతో మెరుస్తా ఉంది.

నేను మాషా అల్లాహ్ అన్నాను. అబ్బాజాన్ ఏమీ అనలేదు. తస్బీహ్ పూసలు ఆగిపోయాయి.

"ఏ సాలు చెరువు రా ఇది?"

చిన్నోడికి సవాలు అర్థం కాలేదు. సాలు లేదు దాదా, మ్యాపులో చెరువని గీసి ఉంటే దీంట్లో నీళ్లు నిండిపోతాయి, ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, అన్నాడు.

"ఇన్ని నీళ్లుంటే నేను కువైట్ ఎందుకు పోతాను? పానీ నికాల్ డాల్ బేటా."

వాడు బతిమాలాడు. దునియా అంతా చూస్తుంది దాదా, మన ఊరు ఖూబ్‌సూరత్‌గా ఉండనీ. నేనూ వాడి వైపే మాట్లాడాను. అబ్బాజాన్ తల అడ్డంగా ఊపారు. "నక్కో. చెరువు ఎండింది, బావి ఎండింది, రెండు సార్లు వేసిన శెనిక్కాయ మాడిపోయింది. మీ అమ్మీ మెడలో పుస్తెలు కుదవబెట్టి టికెట్టు కొన్నా. నీళ్లు చూపిస్తే నన్ను చూసి వీడు ఆశకు పోయినోడు అనుకుంటారు." ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో పుట్టి కూడా నేను అంతదూరం ఆలోచించలేదు. ఏడేళ్లు మాకు దూరంగా ఉన్నందుకు చిన్నప్పుడు నేను మనసులో ఆయన మీద పెట్టుకున్న షికాయత్ ఒకటుంది. అది ఆయనకు తెలుసని ఆ రోజే నాకు తెలిసింది.

నీళ్లు తీయడం తేలిక కాదట. ఎయిర్‌పోర్టు బిల్డింగులు ఒక లెక్క, నేలలోనే కలిసిపోయిన నీళ్లు ఇంకో లెక్క. గేట్‌వే వాళ్లు ఎయిర్‌పోర్టు వరకే తీసుకుంటారు, చెరువును తీసుకోరు. అందుకని వాడు చెరువు మీద బీటలు వారిన మట్టి బొమ్మను దుప్పటిలా పరిచాడు. అంచుల్లో జాలికంప నాటాడు. దాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టాడు. ఏ ఫోల్డర్ పైన కనిపించాలో రాసే చీటీ లాంటి ఫైలొకటుంది, దాంట్లో దీన్ని పై వరుసకు జరిపాడు.

మళ్లీ దించాడు. ఈసారి అబ్బాజాన్ స్క్రీన్ దగ్గరికి వంగారు. వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. ఇక్కడ తూము. ఇక్కడినుంచి అడ్డదారి, చెరువులోపల నడిచే బస్సుకు పోయా. మీ అమ్మీ నిన్ను చంకనేసుకుని కట్ట మీద ఇక్కడ నిలబడింది. నేను వెనక్కి తిరగలే, తిరిగితే పోలేనని. ఇన్నేళ్లలో ఆయన ఈ మాట మాకు చెప్పలేదు. అమ్మీ గుమ్మం దగ్గర నిలబడి వింటా ఉంది, దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"మన బావి పెట్టలేదేమి రా?" అన్నారు చివర్న. వాడు బావి కూడా తవ్వాడు.

2021 నవంబరులో చిత్రావతి పొంగింది. చెన్నేకొత్తపల్లి దగ్గర ఏట్లో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి తీసింది. వానలు తగ్గాక అబ్బాజాన్‌ను ఆటోలో బుక్కపట్నం కట్ట మీదికి తీసుకుపోయాం. నీళ్లు కనుచూపు మేర. ఆయన చాలాసేపు నిలబడ్డారు. చిన్నోడు మెల్లగా అడిగాడు, "దాదా, ఆ ఫోల్డర్ తీసేయనా?"

"దాచిపెట్టు. పారెయ్యొద్దు."

ఇప్పుడు వాడి దగ్గర చెరువులు రెండున్నాయి. విమానం దించేముందు ఏది కావాలని దాదాను అడుగుతాడు. ఎక్కువసార్లు నీళ్లదే అంటారు. అమ్మీ వచ్చి పక్కన కూర్చున్న రోజు మాత్రం ఎండినది పెట్టమంటారు.